ఆయుధం దగ్గర పెట్టుకోవాలా, వద్దా? సీమలో తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో ఈ ప్రశ్న ఎవరూ ఊరికే అడగరు. చేని గట్టు తగాదానో, తిరిగిరాని అప్పో, ఇంట్లో ఒప్పుకోని పెళ్ళో, పంచాయతీ ఎన్నికో వెనక ఉంటుంది. చాలామంది "ఏది పెట్టుకుంటే మంచిది?" అనే దగ్గర మొదలుపెడతారు. దానికి ముందు తేల్చుకోవాల్సింది చాలా ఉంది గనక కొన్ని జవాబులు పొడుగ్గా ఉంటాయి. చట్టం సంగతులు 1959 నాటి ఆయుధాల చట్టం, 2016 నాటి ఆయుధాల నియమాలు, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత ప్రకారం రాశాను. మీ మీద ఇప్పటికే కేసు నడుస్తుంటే మాత్రం ఇది చదివి ఏ నిర్ణయమూ తీసుకోకండి. ముందు మీ లాయరును కలవండి.

నాకు ప్రాణభయం ఉంది. ఏదో ఒకటి దగ్గర ఉంచుకోవడం మేలు కాదా?

భయం ఎవరి వల్ల? ఏ చోట? ఏ వేళ? ఈ మూడూ ఒక కాగితం మీద రాయండి. రాయడానికి కూర్చున్నాకే సగం సంగతి తేలిపోతుంది.

పేరు పెట్టి చెప్పగలిగిన మనిషి వల్ల భయమైతే మొదట చేయాల్సింది రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వడం. స్టేషన్లో తీసుకోకపోతే అదే ఫిర్యాదును పోస్టులో ఎస్పీకి పంపే హక్కు కొత్త క్రిమినల్ ప్రొసీజర్‌లోనూ (భారతీయ నాగరిక సురక్షా సంహిత, 173వ సెక్షన్) ఉంది. సోమవారం ఎస్పీ ఆఫీసులో జరిగే గ్రీవెన్స్‌లో స్వయంగా ఇచ్చినా మంచిదే. గొడవ ముదిరేలా ఉంటే అవతలివాళ్ళను తహసీల్దారు ముందు బైండోవర్ చేయించమని, అంటే గొడవకు దిగమని బాండు రాయించమని అడగొచ్చు. పాత 107 సెక్షన్ ఇప్పుడు 126 అయింది. "కాగితం ఇస్తే కత్తి ఆగుతుందా నాయనా" అని పెద్దవాళ్ళు నవ్వుతారు. ప్రతిసారీ ఆగకపోవచ్చు. కానీ రేపు తుపాకి లైసెన్సు అడిగినా, పోలీసు రక్షణ అడిగినా, ప్రాణం కాపాడుకోవడానికే కొట్టానని కోర్టులో చెప్పుకోవాలన్నా ముందుగా చూసేది ఆ పాత ఫిర్యాదునే. తేదీ, ముద్ర ఉన్న కాపీని ఇంట్లో భద్రంగా దాచండి.

పేరు లేని భయమైతే, అంటే చీకటి దారి, దొంగలు, కుక్కలు, పాములు, దానికి ఆయుధం కంటే దారి, వేళ, వెలుతురు, తోడు మార్చుకోవడమే ఎక్కువ పనిచేస్తుంది.

ఫిర్యాదు ఇచ్చారు, బైండోవర్ అయింది, అయినా మనిషి వెంటపడుతూనే ఉన్నాడు. లైసెన్సు ఆయుధం గురించి ఆలోచించాల్సింది ఇలాంటి కొద్దిమందే.

ఇక ఎవరూ పైకి ఒప్పుకోని కారణం ఇంకొకటి ఉంది. పరువు. నడుముకు ఏదో ఉందని ఊరికి తెలిస్తే చాలు, ఎవరూ దగ్గరికి రారని నమ్మకం. మన దగ్గర ఇది తిరగబడుతుంది. ఆయుధం పట్టుకు తిరిగేవాడు ఏదో ఒక వర్గంలో చేరినట్టే ఊరు లెక్కేస్తుంది. నిన్నటిదాకా మీతో మాటల్లో తేల్చుకుందామనుకున్నవాడు ఇవాళ నుంచి మీ చేతిలో ఏముందో కనుక్కుని, దానికి మించినది సిద్ధం చేసుకుంటాడు. కట్టెలతో పోయే గొడవ కొడవళ్ళ దాకా పోయేది ఇలాగే. తాయెత్తు కట్టుకున్నట్టు ఆయుధం కట్టుకునే వాళ్ళకు నా సలహా ఒక్కటే: వద్దు.

దగ్గర ఉంటే సమయానికి పనికొస్తుంది కదా?

సమయం ఎంచుకునేది దాడి చేసేవాడు, మీరు కాదు. మీరు బండి స్టాండు వేస్తున్నప్పుడో, బస్టాండులో ఫోన్ మాట్లాడుతున్నప్పుడో, మంచం మీద పడుకున్నప్పుడో వస్తాడు. బ్యాగు జిప్పు తీసి, ఉన్నది బయటికి లాగి, పట్టు కుదుర్చుకునే లోపలే రెండు దెబ్బలు పడి ఉంటాయి. రోజూ సాధన చేసేవాళ్ళకు సాధ్యమేమో గానీ, కొని బీరువాలో పెట్టుకున్నవాళ్ళకు కాదు.

దీనికి అనంతపురం చూసిన ఉదాహరణ చాలు. 2005 జనవరి 24న పరిటాల రవి హత్య జరిగింది రాత్రిపూట ఏ వంక దారిలోనో కాదు. పట్టపగలు, జిల్లా కేంద్రంలో, సొంత పార్టీ ఆఫీసులో. వెంట గన్‌మెన్ ఉండగానే జరిగింది. అంత రక్షణలో ఉన్న మనిషికే పక్కనున్న తుపాకి అక్కరకు రాలేదు. ఇది చదివి గుండె జారిపోవాలని కాదు. పొంచి కాసే దాడికి విరుగుడు మన ఆయుధంలో కంటే ముందస్తు సమాచారంలో, రాకపోకలు ఒకే తీరున లేకుండా చూసుకోవడంలో, ఒంటరిగా తిరగకపోవడంలో ఉంది.

మా తాతల కాలం నుంచి ఇంట్లో కొడవళ్ళు, గొడ్డళ్ళు ఉన్నాయి. వాటికీ లైసెన్సు కావాలా?

సేద్యానికి, ఇంటిపనికి మాత్రమే ఉద్దేశించిన పనిముట్లు చట్టం చెప్పే "ఆయుధాల" కిందికి రావు. లాఠీ కర్ర, మామూలు చేతికర్ర కూడా రావని చట్టంలోనే పేరు పెట్టి రాశారు. కాబట్టి చేనికి పట్టుకుపోయే కొడవలి, కట్టెలు కొట్టే గొడ్డలి తప్పు కాదు.

అదే గొడ్డలి రాత్రి పదింటికి సుమో సీటు కింద నాలుగు ఇనుప రాడ్ల పక్కన కనపడితే ఎస్సై దాన్ని పనిముట్టుగా చూడడు. చూడకూడదు కూడా. ఎందుకు తెచ్చారు, ఎటు పోతున్నారు, ఎంతమంది ఉన్నారు అన్నవే అక్కడ ప్రశ్నలు. అయిదుగురు లేదా అంతకంటే ఎక్కువమంది నేరం చేసే ఉద్దేశంతో గుంపుగా చేరితే అది విడిగా నేరం. చేతిలో మారణాయుధం ఉంటే శిక్ష ఇంకా పెరుగుతుంది. వేటకొడవలి సంగతి మరీ కష్టం. వేట ఎక్కడుందని అడిగితే ఈ రోజుల్లో ఎవరి దగ్గరా జవాబు లేదు.

కర్ర విషయంలోనూ ఇంతే. దసరా రాత్రి హొళగుంద మండలం దేవరగట్టులో మాళ మల్లేశ్వరస్వామి బన్ని ఉత్సవం చూసినవాళ్ళకు కర్ర ఎంత పని చేస్తుందో చెప్పక్కర్లేదు. అక్కడ పోలీసులు ఏటా ఇనుప రింగులు తొడిగిన కర్రల మీద కన్నేసి ఉంచుతారు. కర్ర కర్రగా ఉన్నంతవరకు చట్టానికి పేచీ లేదు. రింగులు తొడిగి, మేకులు దిగ్గొట్టి దెబ్బ కోసం తయారు చేసుకున్నాక అది చేతికర్ర అని చెప్పుకోలేరు.

చాకు ఎంత పొడుగు వరకు పెట్టుకోవచ్చు?

నియమాల్లో రాసిన కొలత: అలుగు (పిడి కాక మిగతా కోసే భాగం) 9 అంగుళాల కంటే పొడుగు గానీ, 2 అంగుళాల కంటే వెడల్పు గానీ ఉన్న కత్తులు ఆయుధాల జాబితాలో ఉంటాయి. ఇంటి, సేద్యపు, పరిశ్రమల పనికి చేసినవి మినహాయింపు. బాకులు, ఖడ్గాలు, లోపల కత్తి దాచిన చేతికర్రలు కూడా ఆ జాబితాలోవే.

అయితే "ఎనిమిదంగుళాలది పెట్టుకుంటే ఏమీ కాదు" అని దీనికి అర్థం తీయకండి. అలుగు ఎంత పొట్టిదైనా దాంతో గాయపరిస్తే ప్రమాదకర ఆయుధంతో గాయపరిచిన నేరమే, న్యాయ సంహిత 118వ సెక్షన్. గాయం తీవ్రమైతే కనీసం ఏడాది, గరిష్ఠంగా యావజ్జీవం దాకా ఉంది. పైగా కత్తి పని జరగాలంటే అవతలివాడికి చేతికందేంత దగ్గరికి పోవాలి. అంత దగ్గరలో ఇద్దరికీ తెగుతుంది. పెనుగులాటలో కత్తి చేతులు మారడం కూడా మామూలే. ఆత్మరక్షణకు నేను ఎవరికీ చెప్పని వస్తువు చాకు.

రాత్రిపూట మోటరు వేయడానికి చేనికి పోవాలి. ఏం పట్టుకుపోవాలి?

మంచి టార్చిలైటు, ఆరడుగుల కట్టె, కాళ్ళకు బూట్లు. మీకు ఎదురయ్యేవి ఎక్కువగా రక్తపింజరి, కట్లపాము, ఊరకుక్కలు. కళ్యాణదుర్గం వైపైతే ఎలుగుబంట్లు. ఎలుగుబంటి మీదికి కట్టెతో పోవద్దు. చప్పుడు చేసుకుంటూ, లైటు వేసుకుంటూ నడిస్తే చాలాసార్లు అదే తప్పుకుంటుంది. ఎవరో ఒకరికి చెప్పి బయల్దేరండి.

పంట కాపలాకు గొట్టం మూతినుంచి మందు దట్టించే తుపాకికి లైసెన్సు అడిగే వీలు చట్టంలో ఉంది. కానీ దాంతో అడవిపందిని కొడితే వన్యప్రాణి చట్టం వేరే తగులుకుంటుంది. ముందు అటవీశాఖవాళ్ళను అడగండి.

పెప్పర్ స్ప్రే?

లైసెన్సు అక్కర్లేదు. మందుల షాపుల్లో, ఆన్‌లైన్లో దొరుకుతుంది. ఒంటరిగా తిరిగేవాళ్ళు ఏదో ఒకటి ఉండాలని పట్టుబడితే నేను ఒప్పుకునేది ఇదొక్కటే.

అయినా దాని గుణం తెలుసుకుని కొనండి. 2014 ఫిబ్రవరి 13న లోక్‌సభలో తెలంగాణ బిల్లు పెట్టినప్పుడు లగడపాటి రాజగోపాల్ దాన్ని చల్లడం తెలుగువాళ్ళంతా టీవీలో చూశాం. ఒక్క మనిషి కొడితే సభ మొత్తం దగ్గింది, కొందరు ఎంపీలను ఆసుపత్రికి తీసుకుపోయారు. మూసిన గదిలో, ఆటోలో, బస్సులో కొడితే మీకూ అదే గతి. ఎదురుగాలిలో కొడితే అచ్చంగా మీ కళ్ళకే. కొన్న రోజే ఆరుబయట, గాలికి వీపు పెట్టి ఒకసారి నొక్కి చూడండి, ఎంత దూరం పోతుందో తెలుస్తుంది. గడువు తేదీ ఉంటుంది, చూసుకోండి. బ్యాగు అడుగున కాక చేతికందే జేబులో ఉంచండి. కొట్టాక అక్కడ నిలబడి చూడొద్దు, పరుగెత్తండి. విమానంలో చేతిసంచిలో తీసుకుపోనివ్వరు.

ఇంకోటి: మాటామాటా పెరిగిన గొడవలో దీన్ని వాడితే ఆత్మరక్షణ అనిపించుకోదు. 2024లో కర్ణాటక హైకోర్టు ఇలాంటి కేసును కొట్టేయడానికి ఒప్పుకోలేదు, పెప్పర్ స్ప్రేను ప్రమాదకర ఆయుధంగానే చూసింది. అనంతపురం వాళ్ళకు బెంగళూరు రోజూ పోయొచ్చే ఊరు గనక ఇది గుర్తుండాలి.

తుపాకి లైసెన్సు ఎవరికిస్తారు? ఎలా అడగాలి?

ముందు ఒక అపోహ. లైసెన్సు హక్కు కాదు. అమెరికాలో లాగా తుపాకి పెట్టుకునే ప్రాథమిక హక్కు మన రాజ్యాంగంలో లేదని 2023లో సుప్రీంకోర్టు లైసెన్సు లేని తుపాకుల కేసు విచారణలో గుర్తు చేసింది. మీకు నిజంగా ముప్పుందని అధికారిని ఒప్పించాలి.

మన మూడు జిల్లాల్లో లైసెన్సు ఇచ్చేది కలెక్టర్. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు చీలాక ఏ కలెక్టరేట్‌కు పోవాలో చాలామంది ఇంకా తికమకపడుతున్నారు. ఆళ్ళగడ్డ, బనగానపల్లె వాళ్ళకు కర్నూలు కాదు, నంద్యాల. ధర్మవరం, హిందూపురం వాళ్ళకు అనంతపురం కాదు, పుట్టపర్తి. ఇప్పుడు నివాసం ఉంటున్న జిల్లా లెక్క.

21 ఏళ్ళు నిండాలి. దరఖాస్తుతో పాటు గుర్తింపు, నివాస రుజువులు, శారీరక, మానసిక ఆరోగ్యం బాగుందన్న డాక్టరు సర్టిఫికెట్, తుపాకి వాడకంలో శిక్షణ పొందిన పత్రం, ఇంట్లో తుపాకిని భద్రంగా తాళం వేసి ఉంచే ఏర్పాటు గురించి హామీ ఇవ్వాలి. దరఖాస్తు మీ స్టేషన్‌కు విచారణకు వస్తుంది. ఎస్సై మీ ఇంటికొచ్చి ఇరుగుపొరుగును అడుగుతాడు, పాత కేసులు చూస్తాడు, పైకి రిపోర్టు పంపుతాడు. మొదటి ప్రశ్నలో చెప్పిన ఫిర్యాదు కాపీలు బయటికి తీయాల్సింది ఇక్కడే. "నాకు శత్రువులున్నారు" అనే ఒక్క వాక్యంతో వచ్చే దరఖాస్తులు చాలా ఉంటాయి. తేదీలు, ఫిర్యాదులు, ఎఫ్ఐఆర్ నంబర్లు జతచేసినవి తక్కువ.

రౌడీషీటు, క్రిమినల్ కేసులు ఉంటే ఆశ వదులుకోవడమే మంచిది. ఆస్తి చాలినంత లేదన్న ఒక్క కారణంతో మాత్రం తిరస్కరించకూడదని చట్టమే చెబుతోంది. తుపాకి భూస్వాములకే అనుకునేవాళ్ళు ఇది తెలుసుకోవాలి. తిరస్కరిస్తే కారణం రాయాలి, అప్పీలుకు పోవచ్చు.

2019 సవరణ తర్వాత లైసెన్సు గడువు మూడేళ్ళ నుంచి అయిదేళ్ళకు పెరిగింది. ఒకరి దగ్గర ఉండగలిగే తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి. ఇక ఖర్చు. ఆడవాళ్ళ కోసమని 2014లో కాన్పూర్ ప్రభుత్వ ఫ్యాక్టరీ తెచ్చిన 'నిర్భీక్' అనే పాయింట్ 32 రివాల్వరే అప్పట్లో లక్షా ఇరవై వేల పైమాట.

లైసెన్సు వచ్చింది. ఇక ఎక్కడికైనా తీసుకుపోవచ్చా?

లైసెన్సు పుస్తకంలో ఏ ప్రాంతానికి చెల్లుతుందో రాసి ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ వరకే అని ఉంటే కొడికొండ చెక్‌పోస్టు దాటి బాగేపల్లిలో అడుగుపెట్టగానే మీది లైసెన్సు లేని తుపాకి. ఆదోని వాళ్ళకు బళ్ళారి, రాయచూరు కూడా అంతే.

ఎన్నికల నోటిఫికేషన్ రాగానే తుపాకులు స్టేషన్లో డిపాజిట్ చేయమని చెబుతారు. సీమలో ఈ ఆదేశం గట్టిగానే అమలవుతుంది. గొడవలు ఎక్కువగా జరిగే రోజుల్లోనే మీ తుపాకి మీ దగ్గర ఉండదన్నమాట. కొనేముందు ఈ ఒక్క సంగతి బాగా ఆలోచించండి. పెళ్ళిలోనో, గెలుపు ఊరేగింపులోనో సంబరానికి గాల్లోకి కాలిస్తే రెండేళ్ళ వరకు జైలు, లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. అలిపిరి దగ్గర ఏ ఆయుధాన్నీ పైకి పోనివ్వరు, లైసెన్సు చూపించినా.

నాటు తుపాకి తక్కువకు వస్తుందంటున్నారు...

లైసెన్సు లేని తుపాకి దగ్గరుంటేనే కనీసం రెండేళ్ళు, గరిష్ఠంగా అయిదేళ్ళ జైలు. వాడక్కర్లేదు, ఉంటే చాలు. అది పేలేటప్పుడు ముందుకు పేలుతుందో మీ చేతిలోనే పేలుతుందో చేసినవాడే చెప్పలేడు. నాటు బాంబుల సంగతి అసలు అడగొద్దు. దానికి లైసెన్సు అనే మాటే లేదు, పేలుడు పదార్థాల చట్టం 1908 నుంచి ఉంది. మన జిల్లాల్లో బాంబులు దాచినవాళ్ళ కంటే వాటిని బంతి అనుకుని పట్టుకున్న పిల్లల కథలు గుండెను ఎక్కువ పిండుతాయి.

నా మీద దాడి జరిగితే తిరిగి కొట్టొచ్చా? అవతలివాడు చనిపోతే?

కొట్టొచ్చు. న్యాయ సంహిత 34 నుంచి 44 దాకా సెక్షన్లన్నీ దీని గురించే. పాత శిక్షాస్మృతిలో 96 నుంచి 106. మీ ప్రాణమే కాదు, పక్కవాడి ప్రాణం, మీ ఆస్తి కాపాడటానికి కూడా ఈ హక్కు ఉంది. ఆయుధం పెట్టుకోవాలా అని అడిగే ప్రతి ఒక్కరూ ఈ హక్కు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలుసుకోవాలి.

మొదటి దెబ్బ పడేదాకా ఆగక్కర్లేదు. ప్రమాదం తప్పదని సహేతుకమైన భయం కలిగిన క్షణంలో హక్కు మొదలవుతుంది. ఆ భయం పోగానే ముగుస్తుంది. కొడవలి ఎత్తినవాణ్ణి కట్టెతో కొట్టి పడేశారు, అది రక్షణ. కొడవలి వదిలేసి పరుగెత్తుతున్నవాణ్ణి వెంటబడి కొట్టారు, అది నేరం. మన కోర్టుల్లో ఆత్మరక్షణ వాదం ఎక్కువసార్లు కూలేది ఈ రెండో భాగంలోనే. కోపం అప్పటికి చల్లారదు కదా.

అవసరానికి మించి హాని చేయకూడదు. అయితే ఆ క్షణంలో మనిషి త్రాసులో తూచి కొట్టలేడని కోర్టులకూ తెలుసు. 2010లో దర్శన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ హక్కు సూత్రాలన్నీ ఒకచోట చెప్పింది, పిరికితనాన్ని చట్టం కోరదని కూడా అంది. పోలీసుల దగ్గరికి పోయే వ్యవధి ఉండీ పోకుండా కొట్లాటకు దిగితే మాత్రం ఈ హక్కు రాదు. ముందు చెయ్యి చేసుకున్నవాడికీ రాదు. రెండు వర్గాలూ తేల్చుకుందామని దిగిన కొట్లాటలో ఇద్దరికీ రాదు.

చంపేదాకా పోయే హక్కు కొన్ని సందర్భాల్లోనే: చావు లేదా తీవ్ర గాయం తప్పదన్న భయం, అత్యాచారం, కిడ్నాప్, యాసిడ్ దాడి వంటివి. ఆస్తి విషయంలో దోపిడీ, చీకటిపడ్డాక ఇంటికి కన్నం వేయడం, ఇంటికి నిప్పు పెట్టడం లాంటివి. గట్టు జరిపాడనో, బోరు పైపు కోశాడనో ప్రాణం తీసే హక్కు ఎవరికీ లేదు. మంచి ఉద్దేశంతోనే హద్దు దాటితే హత్య కాక, హత్య కాని నరహత్య అవుతుంది. శిక్ష తగ్గుతుంది, పోదు.

ఇక ఆయుధం సంగతి. మాట్లాడుకుందాం రమ్మంటే పంచాయితీకి నడుములో కత్తితో పోయిన మనిషి, తర్వాత "నన్ను చంపబోతే పొడిచాను" అంటే, అవతలి లాయరు అడిగే మొదటి ప్రశ్న మీకిప్పటికే తెలిసుంటుంది. ఇంట్లో చేతికందిన రోకలితో ప్రాణం కాపాడుకున్నవాళ్ళకు ఆ ప్రశ్న ఎదురుకాదు.

దాడి జరిగి బయటపడ్డాక ఏం చేయాలి?

112కు ఫోన్. తర్వాత ఆసుపత్రి, వీలైతే ప్రభుత్వాసుపత్రి. కర్నూలు, అనంతపురం, కడప మూడు చోట్లా జనరల్ ఆసుపత్రులున్నాయి. చిన్న గీత పడినా డాక్టరుకు చూపించి రాయించుకోండి. "అవతలివాడికి ముప్పై కుట్లు, నాది చిన్న దెబ్బే కదా" అని ఇంటికి పోయినవాళ్ళు ఆనక బాధపడతారు. సీమలో ఏ గొడవకైనా కౌంటర్ కేసు తప్పదు. అవతలివాళ్ళు ముందుగా ఆసుపత్రిలో పడుకుని స్టేట్‌మెంట్ ఇస్తే మీరే ముద్దాయి అవుతారు. మీ ఒంటి మీద గాయం రికార్డులో ఉంటే అది ఎలా తగిలిందో ప్రాసిక్యూషన్ వివరించాల్సి వస్తుంది.

పారిపోవద్దు. వస్తువులు కడగొద్దు, దాచొద్దు, బట్టలు మార్చి ఉతకొద్దు. ఎవరో బంధువు "బెంగళూరు పోయి నాలుగు రోజులుండు" అంటాడు. ప్రతి ఊళ్ళో అలాంటివాడు ఒకడుంటాడు. పోయారంటే ఆత్మరక్షణ వాదం అక్కడే సగం పోయినట్టు. లాయరుతో మాట్లాడే హక్కు మీకుంది, మాట్లాడాకే వివరంగా చెప్పండి.

మా అమ్మాయి అనంతపురంలో చదువుతోంది. బ్యాగులో చిన్న కత్తి పెట్టి పంపనా అన్నా?

వద్దమ్మా. పెప్పర్ స్ప్రే ఇవ్వండి, వాడటం నేర్పండి. ఫోన్లో శక్తి యాప్ వేయించండి. పాత దిశ స్థానంలో 2025లో వచ్చింది. 112, మహిళల హెల్ప్‌లైన్ 181 నంబర్లు నోటికి రావాలి. కరాటే నేర్పినా మంచిదే. నేర్చుకున్న దెబ్బల కంటే గట్టిగా అరవడం, నలుగురి మధ్యకు పరుగెత్తడం అలవాటు కావడం దాంట్లో ఎక్కువ లాభం.

ఒక మాట మాత్రం తల్లిగా మీరు వినాలి. నేర గణాంకాల్లో ఏటా కనపడేదే, అత్యాచారం కేసుల్లో నిందితులు అత్యధికంగా తెలిసినవాళ్ళు. చుట్టం, పొరుగువాడు, సారు, స్నేహితుడు. తెలిసినవాడి మీద కత్తి తీయడానికి ఏ పిల్లకూ చెయ్యి రాదు. "ఫలానా వాళ్ళతో నాకు ఇబ్బందిగా ఉంది" అని ఇంట్లో చెప్పినప్పుడు "నువ్వే ఏదో చేసుంటావ్" అనకుండా వినేవాళ్ళు ఉండాలి. ఆ పిల్లకు అదే పెద్ద అండ.

ప్రొద్దుటూరులో బంగారం కొట్టు. సరుకు తీసుకుని తిరగాలి. నాకూ వద్దంటారా?

మీకు వద్దనను. లైసెన్సు అడగడానికి నిజమైన కారణం ఉన్నవాళ్ళలో మీరొకరు. కానీ తుపాకి కంటే ముందు చేయాల్సినవి: సరుకుతో ఎప్పుడు కదులుతున్నారో కొట్టులో ఒక్కరికి మించి తెలియకూడదు. ఒకే బస్సు, ఒకే రోజు, ఒకే దారి పెట్టుకోవద్దు. బీమా కంపెనీల దగ్గర నగల వ్యాపారులకని జ్యుయెలర్స్ బ్లాక్ పాలసీ ఉంటుంది, తీసుకోండి. బీమా ఉన్న బ్యాగు కోసం ప్రాణం పణం పెట్టాల్సిన అవసరం ఉండదు. నలుగురు దొంగలు చుట్టుముట్టినప్పుడు బ్యాగు వదిలేసేవాడు ఇంటికొస్తాడు.

ఇంట్లో ఒకరికి తాగుడు ఉంది, లేదా మనసు బాగుండటం లేదు. తుపాకి ఉంచొచ్చా?

ఉంచొద్దు. దీనికి షరతులు లేవు. బయటి శత్రువు వస్తాడో రాడో గానీ, ఇంట్లో తాగిన రాత్రి, అప్పుల దిగులు ముంచుకొచ్చిన తెల్లవారుజాము తప్పకుండా వస్తాయి. చేతికందే దూరంలో ఆయుధం లేకపోతే అవి గడిచిపోయే అవకాశం ఎక్కువ. ఇప్పటికే లైసెన్సు తుపాకి ఉంటే స్టేషన్లోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో డిపాజిట్ చేయండి. దిగులు గురించి మాట్లాడటానికి టెలిమానస్ 14416 రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు.

మా నాయన చనిపోయాడు. ఆయన డబుల్ బ్యారెల్ తుపాకి అటక మీద ఉంది. నాకు వస్తుందా?

తుపాకి ఆస్తిగా మీకు వస్తుంది, దగ్గర ఉంచుకునే అనుమతి రాదు. నాయన పోగానే ఆ లైసెన్సు కూడా పోయినట్టే. కర్మంతరాలు అయ్యేదాకా ఆగుదామనుకోకుండా స్టేషన్లోనో డీలరు దగ్గరో అప్పగించి, తర్వాత వారసుడిగా మీ పేరు మీద లైసెన్సుకు దరఖాస్తు చేయండి. అన్నదమ్ములుంటే మిగతావాళ్ళు అభ్యంతరం లేదని రాసివ్వాలి. మీకు కూడా పోలీసు విచారణ మామూలుగానే జరుగుతుంది. నాయన బతికుండగానే బదిలీ చేయాలంటే ఆయనకు 70 ఏళ్ళు నిండిగానీ, తుపాకి పొంది 25 ఏళ్ళు అయిగానీ ఉండాలి.

వద్దనుకుంటే డీలరుకు అమ్మేయొచ్చు. ఎలా వదిలించుకున్నా తుపాకి నంబరు, తేదీ రాసిన రసీదు తీసుకోండి. రసీదు లేకపోతే రికార్డు ప్రకారం తుపాకి ఇంకా మీ అటక మీదే ఉన్నట్టు.